పద్నాలుగు కింద గీత

మా నాన్న చేసిన పెట్టెలో తప్పుందని కనిపెట్టింది నేనే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే ఉంది. ఎందుకో చెప్పాలంటే ముందు నా చక్రాల చెక్క గురించి చెప్పాలి.

నదికి అవతలున్న సోనారి పేటలో ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు బాగుచేసే దుకాణంలో నా ఉద్యోగం. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాను. అక్కడ సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చునే ఆడమనిషిని నేనొక్కదాన్నే. వచ్చినవాళ్లు నన్ను చూసి, నా వెనక్కి చూసి, "భయ్యా లేరా?" అని అడుగుతారు. "భయ్యాను నేనే, చెప్పండి" అంటాను. నాకు నోరు కొంచెం దురుసు. పని శుభ్రంగా చేస్తాను కాబట్టి దుకాణంవాళ్లు భరిస్తున్నారు.

పోయినేడాది ఎండాకాలంలో ఒకాయన ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డు ఒకటి తెచ్చి కౌంటర్ మీద పడేశాడు. అడుగున ప్లాస్టిక్ డబ్బా పగిలిపోయింది, బ్యాటరీ చచ్చిపోయింది, రిమోట్ ఎక్కడో పోయింది. మిగిలిందల్లా చెక్క, నాలుగు చక్రాలు, ఒక మోటారు. దీనికి ఎంత పని పడుతుందో వరసగా చెప్పుకుపోతుంటే ఆయన మొహం వాడిపోయింది. "మీకు పనికొస్తే ఉంచేసుకోండి" అని వెళ్లిపోయాడు. నాకు పనికొచ్చింది. దాని మీద నిలబడి ఖర్కాయి నది గట్టున గాలిలో పోవాలని ఆ క్షణంలోనే మనసు పుట్టింది. ముప్ఫైకి దగ్గరపడుతున్న ఆడది చక్రాల చెక్కెక్కి ఊరేగితే నలుగురూ ఏమనుకుంటారని మా అమ్మ అడిగింది. చక్కగా నిలబడిందే అనుకుంటారు అన్నాను.

కొత్త బ్యాటరీ కట్టాను. మోటారుని నడిపించే కంట్రోలర్ పెట్టాను. కొత్త రిమోట్ తెప్పించాను. అది గుప్పిట్లో ఇమిడిపోతుంది. బొటనవేలి కింద చిన్న చక్రం ఉంటుంది. ముందుకు తోస్తే బండి పోతుంది, వెనక్కి లాగితే బ్రేకు పడుతుంది. చేతికీ బండికీ మధ్య తీగ ఏదీ ఉండదు. బండిలో అగ్గిపెట్టెంత రిసీవరు కూర్చుని మనం చెప్పింది గాల్లోంచి అందుకుని కంట్రోలర్‌కి చెబుతుంది. ఆ మాట అందకపోతే మోటారు ఊరుకుంటుంది, బ్రేకు కూడా ఊరుకుంటుంది, మనం మాత్రం పోతూనే ఉంటాం.

ఇవన్నీ పెట్టుకోవడానికి అడుగున డబ్బా కావాలి. ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఆర్డరు పెడుతుంటే నాన్న చూశాడు.

"ప్లాస్టిక్కెందుకే? మనూర్లో రేకుకేటి కరువా? నానే సేత్తాను" అన్నాడు.

ఇది మా ఊరి జబ్బు. ఇనుము కరిగించే ఊళ్లో పుట్టినవాళ్లకి ప్రపంచంలో వేరే పదార్థం ఉన్నట్టు అనిపించదు. మా ఇంట్లో చెప్పుల స్టాండు రేకుది, దేవుడి గూడు రేకుది, తులసికోట కూడా రేకుదే. మా పక్కింటివాళ్ల కుక్కకి రేకు ఇల్లుంది, ఎండాకాలం అది అందులోకి వెళ్లదు. కాబట్టి నాన్న ఆ మాట అన్నప్పుడు నాకు తప్పేమీ కనిపించలేదు. సంతోషం మాత్రం వేసింది. ఎందుకంటే అప్పటికి ఏడాదిగా ఆయన చేత్తో ఏదీ చేయలేదు.

నాన్న ఆదిత్యపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు రేకుపని చేశాడు. ఆ షాపులో ఒక్కొక్క మిస్త్రీకి ఒక్కొక్క నెంబరు. చేసిన వస్తువు మీద ఎవరి నెంబరు అచ్చు వాళ్లు పెట్టి, సుత్తితో కొట్టాలి. నాన్నది పద్నాలుగు. ఆ పని ఎప్పుడైనా తప్పుతో తిరిగొస్తే, ఆ తప్పు పట్టుకున్న మనిషి చీజిల్‌తో, అంటే ఇనప ఉలితో, నెంబరు కింద అడ్డంగా ఒక గీత కొడతాడు. అది అక్కడి ఆచారం. గీత పడ్డవాడు ఆ రోజు అందరికీ టీ పోయించి తలొంచుకుని తిరుగుతాడు. ముప్ఫై ఏళ్లలో పద్నాలుగు కింద గీత పడలేదు. మా ఇంట్లో ఏ గొడవ మొదలైనా చివరికి ఈ మాట దగ్గరికే వచ్చేది. కూరలో ఉప్పెక్కువైందని నాన్న అంటే, "మాకూ నెంబర్లిచ్చుంటే తెలిసేది" అని అమ్మ అనేది.

ఈ డబ్బాకి ఏడాది ముందు ఆయన కుడి భుజం పైకి లేవడం మానేసింది. షాపువాళ్లు మర్యాదగానే ఆయన్ని స్టోరులో కూర్చోబెట్టారు. నట్లు లెక్కపెట్టి ఇవ్వడం, రాసుకోవడం.  నాన్న ఇంటికొచ్చి చేతులు కడుక్కోవడం మానేశాడు, అంతే. మురికైతే కదా కడుక్కోవడానికి.

ఆ మనిషి నా డబ్బా కోసం మళ్లీ సుత్తి పట్టాడు. పద్దెనిమిది గేజి రేకు మడిచి, మూలలు వెల్డింగ్ చేసి, వేలితో రాస్తే అతుకు తెలియనంతగా గ్రైండింగ్ పట్టాడు. మూతకి ఎనిమిది స్క్రూలు, చుట్టూ రబ్బరు. నల్లరంగు రెండు పూతలు. మూత మధ్యలో పద్నాలుగు. తెచ్చి నా చేతిలో పెట్టి, "సీమ కూడా దూరదు" అన్నాడు. ఆ సాయంత్రం చేతులు సబ్బుతో చాలాసేపు కడుక్కున్నాడు.

అక్కడితో ఆగితే బాగుండును. మర్నాడు షాపులో అందరికీ చెప్పేశాడు: నా కూతురు బండి చేసింది, పెట్టె నేను చేశాను, విశ్వకర్మ పూజ రోజు తెచ్చి మీ ముందర నడిపిస్తుంది అని. విశ్వకర్మ పూజంటే మా ఊళ్లో ప్రతి షాపూ యంత్రాలు ఆపి, కడిగి, బొట్లుపెట్టి, దండలేసే రోజు. సైకిలు దగ్గర్నుంచి లారీ దాకా అన్నిటికీ ఆ రోజు పూజే. ఏడాదంతా స్టోరు కిటికీలోంచి నట్లు అందించిన మనిషి ఆ రోజు షెడ్డు మధ్యలో నిలబడాలనుకున్నాడు. నాకది అర్థమైంది. ఇక అప్పట్నుంచి ఆ బండి నా ఒక్కదానిదే కాకుండా పోయింది.

పూజ ఇంకా పన్నెండు రోజులుందనగా తొలిసారి రోడ్డెక్కించాను. ఆదివారం పొద్దున్న, మా కాలనీ వెనకాల కొత్త అపార్ట్‌మెంట్ల మధ్య రోడ్డు ఖాళీగా ఉంది. ఒక నిమిషం స్వర్గం. తర్వాత బండి తనంతట తాను నీరసపడింది, మళ్లీ పుంజుకుంది, మళ్లీ పడింది. రిమోట్ మీది దీపం టపటపా కొట్టుకుంటోంది. పల్లం మొదలయ్యే దగ్గర బ్రేకు లాగాను. ఏమీ లేదు. ఇంకా లాగాను. దూకేశాను. బండి పోయి కాలవ గోడకి గుద్దుకుంది, నా మోకాలు చెక్కుకుపోయింది. పెట్టెకి సొట్ట కూడా పడలేదు.

అమ్మ మోకాలు చూసి గిన్నె కింద పెట్టేసింది.

"కాలిరగ్గొట్టుకుని ఇంటికొత్తావేటే? ఆ పీడని పాతసామాన్ల కబాడీవోడికి ఇచ్చేయ్."

"కుఛ్ నహీ హువా, మా," అన్నాను, ఏమీ కాలేదమ్మా అని. ఈ హిందీ ఊళ్లో పెరిగిన మాకు అబద్ధాలు హిందీలోనే బాగా వస్తాయి.

"సరే. దాని బ్రేకు నా ముందర పడేదాకా అది గేటు దాటడానికి నేదు," అని తేల్చేసింది.

బల్ల మీద పెట్టి మూత ఊడదీశాను. రిమోట్ తిప్పితే మోటారు గిర్రున తిరిగింది, ఆపితే ఆగింది. వీధి చివరికి నడిచి వెళ్లి అక్కణ్నుంచి తిప్పాను. ఇంట్లోంచి అమ్మ "తిరుగుతోంది" అని అరిచింది. తప్పే లేదు. మూత బిగించి రోడ్డెక్కితే పది గజాల్లో మళ్లీ దీపం కొట్టుకుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లగానే జ్వరం తగ్గిపోయే పిల్లల్లాగా, మూత విప్పినప్పుడల్లా ఆ బండికి ఆరోగ్యం వచ్చేసేది. రిపేరు చేసేవాళ్లకి ఇంతకంటే నరకం లేదు. పూర్తిగా చెడిపోయినదాన్ని బాగుచేయొచ్చు, అప్పుడప్పుడు చెడేదాన్ని పట్టుకోవడమే కష్టం.

రిమోట్ సెల్లు మార్చాను. రిమోట్‌నీ రిసీవరునీ విడదీసి మళ్లీ జత చేశాను. రిసీవరే మార్చాను. దాని యాంటెనా, అంటే వేలెడంత సన్నటి తీగ, మోటారు తీగలకి దూరంగా జరిపాను. ప్రతిదీ నోటుబుక్కులో రాసుకున్నాను. ప్రతిసారీ మూత విప్పితే బాగుంది, మూసి నడిపితే పాడు. రాసిన మాటలే కళ్లెదుట ఉన్నాయి, అయినా నాకు కనిపించలేదు.

నాన్న కూడా ఆలోచించాడు.

"సోనారిలో ఇమానాలెగుర్తాయి కదా. ఆ వైర్లెస్సు దీన్ని కొట్టేత్తాదేమో."

"నాన్నా, అక్కడ విమానం ఎగిరేదే ఎప్పుడో. మధ్యలో నది ఉంది."

"గాలికి నదేటి అడ్డం?" అన్నాడు.

పూజకి వారం రోజులుందనగా, శుక్రవారం, మధ్యాహ్నం నుంచి ముసురు పట్టింది. దుకాణంలోంచి అమ్మకి ఫోన్ చేశాను. అందుబాటులో లేదంటోంది. మళ్లీ చేశాను, మళ్లీ అదే. కంగారుపడి స్కూటరెక్కి ఇంటికొచ్చేసరికి అమ్మ అప్పుడే బజారునుంచి వచ్చి చీర కుచ్చిళ్లు పిండుకుంటోంది.

"ఎక్కడికి పోయావమ్మా? ఎన్నిసార్లు చేశానో తెలుసా?"

"మోగలేదే. నా దగ్గరే ఉంది," అంటూ సంచిలోంచి స్టీలు టిఫిన్ డబ్బా తీసి, క్లిప్పులు విప్పింది. ఫోన్ అందులో పొడిగా పడుకుని ఉంది. "వానకి తడిసిపోద్దని ఇందులో ఎట్టేను."

మూత తీయగానే ఫోన్ టింగుమంది. నా మిస్డ్ కాల్స్ అన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి.

నేను తడిబట్టలతో అలాగే కుర్చీలో కూలబడ్డాను. నాలుగు వైపులా లోహం మూసేస్తే రేడియో అలలు లోపలికి పోవని డిప్లొమా రెండో ఏడాదే చదివాను. పరీక్షలో బొమ్మ గీసి మరీ రాశాను. నాన్న పెట్టెలో మోటారు తీగలు బయటికొచ్చే రంధ్రం ఒకటుంది. ఆ కాస్త సందులోంచి నా చేతి మాట అప్పుడప్పుడు దూరేది, నేను ఒంగినా పక్కకి తిరిగినా తెగిపోయేది. ఇంత సులువైన సంగతి ఆరు రోజులు నాకెందుకు తట్టలేదో ఆ కుర్చీలోనే తెలిసింది. నేను రిమోట్‌ని అనుమానించాను, రిసీవరుని అనుమానించాను, విమానాలని కూడా సగం అనుమానించాను. పెట్టె వైపు నా బుర్ర పోనేలేదు. దాని మీద పద్నాలుగు ఉంది.

ఇప్పుడు చెప్పాలి. చెప్పకుండా ఉండే దారులు కూడా వెతికాను, దాచను. రిసీవరుని ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో పెట్టి చెక్కకి బయట కట్టేస్తే సరిపోతుంది. నాన్న అడిగితే, కొత్త మోడల్ ఇలాగే ఉంటుందని చెప్పొచ్చు. శనివారమంతా ఆ అబద్ధాన్ని లోపల తిప్పుకున్నాను. కానీ నాకు పని నేర్పింది ఆ మనిషే. చిన్నప్పుడు నేను చేసిన తప్పు స్విచ్చుబోర్డు చూసి, "బాగుంది" అనకుండా విప్పించి మళ్లీ చేయించాడు. ఆయనకి ఇప్పుడు నేను ఊరడింపు ఇస్తే, స్టోరులో కూర్చోబెట్టినవాళ్లకీ నాకూ తేడా ఏముంది?

ఆదివారం భోజనాలయ్యాక అమ్మ ఫోన్ అడిగి తీసుకుని, టిఫిన్ డబ్బాలో పెట్టి, క్లిప్పులు వేశాను.

"నాన్నా, అమ్మకి ఓసారి ఫోన్ కొట్టు."

కొట్టాడు. అందుబాటులో లేదని వినిపించింది. ఆయనే డబ్బా విప్పి చూశాడు. ఫోన్ బాగానే ఉంది. మళ్లీ మూసి, మళ్లీ కొట్టాడు. తర్వాత నెమ్మదిగా తలతిప్పి వరండాలో ఉన్న బండి వైపు చూశాడు.

"అయితే ఏటంతావు?"

"రేకులోంచి వైర్లెస్ దూరదు నాన్నా. పెట్టె మరీ గట్టిగా చేశావు. తప్పు అక్కడుంది."

కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది, ఉప్పు సంగతి, నెంబర్ల సంగతి ఎత్తలేదు.

"నువ్వు సదువుకున్నదానివి కదా. రేకు సేత్తానన్నపుడే సెప్పలేకపోయావా?"

"చెప్పాల్సింది. నాకు తట్టలేదు. నువ్వు చేసినదాంట్లో తప్పుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు."

 ఆయన లేచి వెళ్లి పెట్టె తిప్పి చూశాడు, పద్నాలుగు మీద బొటనవేలు పెట్టి కాసేపు ఉంచాడు. నాకు ఏడుపొచ్చింది, మోకాలి దెబ్బకి కూడా రానిది. తర్వాత పాత పనిసంచి తెచ్చి ముందు పెట్టుకుని, రేకు మీద గీతలు గీసే సన్నసూది బయటికి తీశాడు.

"కిటికీ ఎంత కావాల?"

మూడు వేళ్ల పొడుగు, రెండు వేళ్ల ఎత్తు, ముందువైపు గోడకి అన్నాను, ప్లాస్టిక్‌తో మూస్తే వైర్లెస్‌కి అడ్డం ఉండదన్నాను. గీత గీసి, గీత లోపల వరసగా డ్రిల్లుతో చిల్లులు వేసి, మధ్య ముక్క ఊడగొట్టి, ఆకురాయితో అంచులు తీశాడు. భుజం లాగినప్పుడల్లా ఎడమచేతికి మార్చుకున్నాడు. సాయం చేస్తానంటే ఆకురాయి ముట్టుకోనివ్వలేదు. కంట్రోల్ ప్యానెల్ తలుపులకుండే దళసరి పారదర్శకపు ప్లాస్టిక్ ముక్క సంచిలోంచి తీసి, రబ్బరు వేసి, నాలుగు చిన్న స్క్రూలతో బిగించాడు. నేను దాని వెనక రిసీవరు అతికించి యాంటెనా తిన్నగా సాగదీశాను. నీళ్లు పోసి చూశాం. చుక్క దూరలేదు. మూత బిగించి వీధి చివరినుంచి రిమోట్ తిప్పాను. ఈసారి నా మాట దూరింది.

అమ్మ పరీక్ష వేరేగా పెట్టింది. సోమవారం పొద్దున్న కాలనీ రోడ్డు చివర చేతులు కట్టుకుని నిలబడి, తన ముందుకొచ్చి ఆగమంది. ఆగాను. మళ్లీ అంది. ఆగాను. ఒంగి, తిరిగి, పల్లంలోంచి, ఎడమచేత్తో. ఇరవైసార్లు ఆగాక, "సాల్లే, టిఫిను సల్లారిపోతాంది" అని ఇంట్లోకి పోయింది. అలా నాకు పర్మిట్ దొరికింది.

పూజ రోజు షాపులో యంత్రాలన్నీ దండలేసుకుని నిశ్శబ్దంగా ఉన్నాయి. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బండికి బొట్టు పెట్టించి, గేటు దగ్గర నన్ను నిలబెట్టి, తను షెడ్డు మధ్యకి వెళ్లాడు. నేను బొటనవేలు ముందుకు తోశాను. రెండువైపులా ఇనప రాక్‌లు, పైన రేకు కప్పు. దీపం ఒక్కసారి కూడా మినుకుమనలేదు. షెడ్డు చివరిదాకా పోయి, తిరిగి, ప్రసాదం బల్లకి మూరెడు దూరంలో ఆగాను. ఎవరో ఈల వేశారు.

ఫోర్‌మన్ నాన్నకంటే చిన్నవాడు, ఆయన్ని దాదా, అంటే అన్నా, అని పిలుస్తాడు. ఒంగి పెట్టె అంతా చేత్తో తడిమి, కిటికీ దగ్గర ఆగాడు.

"యే ఖిడ్కీ కిస్ లియే, దాదా?"

కిటికీ ఎందుకని. అందరూ వింటున్నారు. నేను ముందుకొచ్చి, డిజైనే అలాగ అని చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది. నాన్న చెయ్యడ్డం పెట్టి నన్ను ఆపాడు.

"డబ్బా మేరా హై, గల్తీ భీ మేరీ," అన్నాడు. పెట్టె నాది, తప్పు కూడా నాదే. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు, లేవని ఆ కుడిచెయ్యే, వేయడానికి ఎంత నొప్పి పడ్డాడో నాకు తెలుసు. ముప్ఫై ఏళ్లలో పద్నాలుగో నెంబరు పని ఒక్కసారే తిరిగొచ్చిందనీ, దాన్ని తిప్పి తెచ్చింది తన కూతురనీ వాళ్లకి హిందీలో చెప్పాడు. గొంతు ఏమాత్రం తగ్గించలేదు. ఆ రోజు అందరికీ టీ కూడా ఆయనే పోయించాడు, కానీ తలొంచుకోలేదు.

పూజ రోజు పనిముట్టు పట్టకూడదు. అందుకని మర్నాడు సాయంత్రం నాన్న షాపునుంచి చీజిల్, సుత్తి అడిగి తెచ్చాడు. వరండాలో బండిని బోర్లించి, పద్నాలుగు మీది దుమ్ము తుడిచి, నాకు అందించాడు.

"వద్దు నాన్నా. ఇది షాపు పని కాదు కదా."

"పనికి షాపేటి, ఇల్లేటి? పట్టుకున్నోళ్లే కొట్టాల. ఒక్క దెబ్బకి పడాల, సూసుకో."

చీజిల్ ఆనించాను. సరిగ్గా పడుతుందో లేదోనని తీసి మళ్లీ ఆనించాను. కొట్టాను. గీత కుడివైపు కాస్త పైకి లేచింది. నాన్న వేలితో తడిమి చూసి, "వొంకర పడింది, పరవానేదు" అన్నాడు. నల్లరంగు లేచిపోయి ఆ గీత ఒక్కటే తెల్లగా మెరుస్తోంది. రంగు వేసేస్తానంటే ఒప్పుకోలేదు, అలాగే ఉండనీ అన్నాడు.

ఇప్పుడు ఖర్కాయి గట్టున దాని మీద పోతుంటే జనం ఆపి అడుగుతుంటారు, ఎవరు చేశారని. నేను బండిని బోర్లించి చూపిస్తాను. పద్నాలుగు మా నాన్న, కింద గీత నేను.